జిప్పు నడుస్తుంది, మూసుకోదు

"నెలకి లక్షా పదివేల మంది అత్తయ్యా!" అన్నాడు అల్లుడు, లాప్‌టాప్ తెర ఆమె వైపు తిప్పి.

జిప్పక్క అప్పుడు ఒక సూట్‌కేసుని బోర్లా పడుకోబెట్టి, చక్రానికి చుట్టుకుపోయిన వెంట్రుకలనీ దారప్పోగులనీ కత్తెర మొనతో లాగుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"లక్షా పదివేల మంది ఏం చేస్తున్నారు బాబూ?"

"'బ్యాగులు' అని వెతుకుతున్నారు. ఒక్క నెలలో, ఒక్క మాట!"

"వెతికి?"

"వెతికి... బ్యాగుల కోసం వెతుకుతున్నారు."

"కొనుక్కోడానికా, బాగు చేయించుకోడానికా?"

అల్లుడు చిన్నగా నవ్వాడు. మబ్బుల్ని ఎవరు తోస్తారని పిల్లలు అడిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "ముందు జనాన్ని రానివ్వండి. వచ్చినవాళ్ళలో మనవాళ్ళు వాళ్ళే తేలతారు."

జిప్పక్క చక్రాన్ని వేలితో తిప్పి చూసింది. గిర్రున తిరిగింది. సూట్‌కేసు నిలబెట్టి, పక్కన పెట్టి, ఇంకో దాన్ని లాక్కుంది. వాదించలేదు. అల్లుడితో వాదించే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఆమెకీ అప్పటికి లేదు.

ఆమెకి సొంత పేరు ఒకటి ఉంది కానీ అది కాగితాల మీదే బతికింది. ఇరవై రెండేళ్ళ కిందట ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసి, సంచులూ సూట్‌కేసులూ స్కూలు బ్యాగులూ బాగుచేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక స్కూలు పిల్ల వీధిలోంచి "జిప్పక్కా!" అని పిలిచింది. అదే అంటుకుపోయింది. ఇప్పుడు మొగుడు కూడా బయటివాళ్ళ ముందు అలాగే అంటాడు.

పని ఎప్పుడూ దానంతటదే వచ్చేది. ఎదురుగా బస్‌స్టాపు ఉండేది. బస్సు దిగినవాళ్ళ చేతిలో పిడి తెగిన సంచి ఉంటే, కళ్ళెదుటే ముందుగది ఉండేది. ఏడాది కిందట బస్‌స్టాపుని రెండు వీధుల అవతలికి మార్చారు. దాంతో రోజుకి పదిహేను సంచులు వచ్చేచోట మూడు వచ్చాయి, తర్వాత రెండు. కొన్ని రోజులు మిషను మీద కప్పిన గుడ్డ తీయకుండానే గడిచాయి.

సరిగ్గా అప్పుడే అల్లుడు ఇన్సూరెన్సు కంపెనీలో ఉద్యోగం మానేసి, ఆరు వారాలు ఆన్‌లైన్ మార్కెటింగ్ నేర్చుకుని, సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించాడు. కూతురూ అల్లుడూ మేడమీద ఉంటారు. కూతురు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడికి ఆఫీసు కావాలి. వీధి వైపు గది అయితే బోర్డు పెట్టుకోవచ్చు.

"ఎవరికీ నొప్పి లేకుండా చేద్దాం," అన్నాడు జిప్పక్క భర్త ఒక రోజు భోజనాల బల్ల దగ్గర. ఆయన నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఏ ఫైలునైనా ఎవరికీ నొప్పి లేకుండా పక్క బల్ల మీదకి జరపడం ఆయనకి బాగా తెలుసు. "మూడు నెలలు చూద్దాం. అల్లుడుగారు ఇంటర్నెట్టులో పెట్టి నీకు పని తెస్తారు. తెస్తే సరేసరి. రాకపోతే ముందుగది ఆయన తీసుకుంటారు. నీ మిషను వెనక నడవాలో వేసుకుందువుగాని, బట్టలుతికే మిషను పక్కన."

"అంటే పని తెస్తే అల్లుడుగారికి పేరు. తేకపోతే గది," అంది జిప్పక్క.

"అబ్బే, అలా అనుకుంటే ఎలా?"

ఆ మధ్యాహ్నం ఆమె టేపు తీసుకుని నడవా కొలిచింది. కుట్టుమిషను పడుతుంది. దాని ముందు స్టూలు పడుతుంది. స్టూలు మీద మనిషి కూర్చుంటే, సూట్‌కేసు తెరవడానికి చోటు ఉండదు. రెండోసారి కొలిచింది. ఉండదు. అక్కడికి వెళ్తే చేతిసంచుల పిడులు కుట్టుకుంటూ బతకాలి. ఇరవై రెండేళ్ళ పని అక్కడితో సరి.

అయినా సరేనంది. అల్లుడి లక్షా పదివేలలో పదిమందైనా రాకపోతారా అనుకుంది.

అల్లుడు వారంలో వెబ్‌సైటు తయారుచేశాడు. తెరవగానే తళతళలాడే కొత్త తోలు బ్యాగుల ఫోటో. "అవి నావి కావు," అంది జిప్పక్క. "ఫోటో చూడ్డానికి బాగుండాలి కదా అత్తయ్యా," అన్నాడతను. కింద పేజీ పొడుగునా బ్యాగులు, ట్రావెల్ బ్యాగులు, మంచి బ్యాగులు, బెస్ట్ బ్యాగులు, లేడీస్ బ్యాగులు అని ఉంది. ఒకే వాక్యంలో 'బ్యాగులు' ఐదుసార్లు వచ్చింది. నత్తివాడి పెళ్ళిపిలుపులా ఉంది కానీ జిప్పక్క ఆ మాట పైకి అనలేదు. అన్నింటికీ చివర, సన్నక్షరాల్లో, 'రిపేరు కూడా చేయబడును' అని ఉంది. దాని కింద ఆమె ఫోన్ నంబరు.

పది రోజుల తర్వాత ఫోన్ మోగడం మొదలైంది.

"హలో, కాలేజీ బ్యాగుల్లో కొత్త మోడళ్ళు ఏమున్నాయి?"

"మోడళ్ళు లేవండీ. పాతవి బాగుచేస్తాను."

"పాతవా? సెకండ్ హ్యాండా?"

"కాదండీ, మీ పాతదే మీకు—"

పెట్టేశారు.

"హలో, మూడొందల బ్యాగులు కావాలి, కంపెనీ పేరు అచ్చు వేసి. హోల్‌సేల్ రేటు చెప్పండి."

"హలో, డిస్కౌంట్ ఎప్పటిదాకా ఉంటుంది?"

"హలో, బియ్యం పట్టే సంచులు ఉన్నాయా?"

ఒకాయన అయితే విషయం మొత్తం విని, కోప్పడ్డాడు. "బాగుచేసేవాళ్ళయితే కొత్త బ్యాగుల ఫోటో ఎందుకు పెట్టారమ్మా? పని మానుకుని పావుగంట చూశాను నేను!"

"నిజమేనండీ, తప్పే," అంది జిప్పక్క. ఆయనతో ఆమెకి ఏ పేచీ లేదు.

ఆమెకి ఒక అలవాటుంది. ఎవరు ఏ వస్తువు తెచ్చినా, చిన్న చీటీ మీద వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, దారంతో దానికి కడుతుంది. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్లకాగితం ఆ చీటీలకి పనికొస్తుంది. వాటిని సమానంగా కత్తిరించడం భర్త పని. వస్తువు తీసుకెళ్ళాక ఆ చీటీని గోడకి వేలాడే ఇనపతీగకి గుచ్చుతుంది. మొదట్లో ఆమె తన భాషలో రాసేది. 'రన్నర్ మార్చాలి' అని ఒక టీచరమ్మ సంచికి రాస్తే, ఆవిడ తీసుకెళ్ళడానికి వచ్చి చీటీ చదివి, "రన్నరేమిటి? నేను అలాంటిదేం మార్చమనలేదు. నేను చెప్పింది ఒకటి, మీరు చేసింది ఒకటి," అని వీధంతా వినబడేలా గొడవపెట్టింది. ఆ రోజు నుంచీ జిప్పక్క మనుషులు అన్న మాటే రాస్తుంది. వాళ్ళు తప్పుగా అన్నా సరే.

అలవాటు కొద్దీ ఈ ఫోన్లకి కూడా చీటీలు రాసి, వేరే తీగకి గుచ్చింది. 'కొత్త మోడళ్ళు', 'హోల్‌సేల్', 'డిస్కౌంట్', 'బియ్యం సంచి'. నెలాఖరుకి తీగ నిండింది. ముందుగదిలో మాత్రం రెండు సూట్‌కేసులు ఉన్నాయి. ఆ రెండూ పక్కింటివాళ్ళవి.

"తొమ్మిది వేల రెండొందల మంది చూశారు!" అని అల్లుడు మెట్లు దిగుతూనే చెప్పాడు. తెర మీద ఒక గీత ఏటవాలుగా పైకి పోతోంది.

"భేష్," అన్నాడు మావగారు.

"ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టే చోటు లేదు," అంది జిప్పక్క.

అల్లుడికి ఆ మాట నచ్చలేదు. మర్నాడు పదింటికల్లా మిఠాయి పెట్టెతో దిగాడు. అతని మొహం వెలిగిపోతోంది.

"అత్తయ్యా, మనం నంబర్ వన్! చూడండి." ఫోన్‌లో 'బ్యాగులు' అని కొట్టాడు. మొట్టమొదట వాళ్ళ వెబ్‌సైటే వచ్చింది. లాప్‌టాప్‌లోనూ అదే. మావగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, ఒక మిఠాయి నోట్లో వేసుకున్నాడు.

అప్పుడే గుమ్మంలో ఒక నర్సు నిలబడింది. యూనిఫాం మీదే ఉంది, చేత్తో పెద్ద సూట్‌కేసు ఈడ్చుకొచ్చింది.

"జిప్పక్క అంటే మీరేనా? మా వార్డులో ఒక పేషెంటు చెప్పారు. నాకు రేపే ప్రయాణం. ఇది చూడండి, జిప్పు నడుస్తుంది కానీ మూసుకోదు. ఇటునుంచి అటు బ్రహ్మాండంగా పోతుంది, వెనక్కి చూస్తే నోరు తెరుచుకునే ఉంటుంది."

జిప్పక్క ముందు చీటీ తీసి రాసింది. 'నడుస్తుంది, మూసుకోదు. రేపే ప్రయాణం.' తర్వాత వంగి పళ్ళు చూసింది. పళ్ళన్నీ బాగానే ఉన్నాయి. పళ్ళని కలుపుతూ జరిగే రన్నరే అరిగి వదులైంది. అది మారిస్తే సరి.

"అరగంట కూర్చోండి, ఇచ్చేస్తాను."

"అరగంటేనా!" నర్సు కుర్చీలో కూలబడింది. "రాత్రంతా ఫోన్‌లో వెతికానక్కా. ఎక్కడ చూసినా కొత్త సూట్‌కేసు కొనుక్కోమనే. ఇదే నిన్న కొన్నట్టుంటే మళ్ళీ కొనడమేమిటి?"

జిప్పక్క చెయ్యి ఆగింది. "మా వెబ్‌సైటు ఉంది, కనబడలేదా? బ్యాగులు అని కొడితే మాదే మొదటిదట."

నర్సు అక్కడికక్కడే ఫోన్ తీసి కొట్టింది. వేలితో పైకి తోసింది. ఇంకా తోసింది. "లేదక్కా... పెద్ద పెద్ద కంపెనీలు... ఇంకా లేదు... మూడో పేజీ అయిపోయింది. లేదు."

గదిలో మిఠాయి నమిలే చప్పుడు ఆగిపోయింది. అల్లుడు తన ఫోన్ చూసుకున్నాడు, నర్సు ఫోన్ చూశాడు, మళ్ళీ తన ఫోన్ చూసుకున్నాడు.

"మీ ఫోన్ మీ మాట వింటోంది బాబూ," అంది జిప్పక్క, రన్నర్ ఎక్కిస్తూ. "రోజుకి యాభై సార్లు మీరు మా పేజీనే తెరుస్తుంటే అది మాత్రం ఏం చేస్తుంది? 'ఇదిగో నాయనా, మీ అత్తగారు' అని ముందు పెడుతుంది. ఇంట్లో అద్దంలో చూసుకుని ఊరంతా నన్నే చూస్తోందనుకుంటే ఎలా?"

నర్సు నవ్వింది. అల్లుడు నవ్వలేదు.

జిప్పక్క ఆమె వైపు తిరిగింది. "రాత్రి మీరు ఏమని కొట్టారమ్మా?"

"ఏముంది, మీకు చెప్పిందే. జిప్పు నడుస్తుంది, మూసుకోదు, ఏం చెయ్యాలి అని."

అల్లుడిలో ఒక మంచి గుణం ఉంది. దెబ్బ తగిలితే రెండు రోజులు మేడ దిగడు, మూడో రోజు దిగుతాడు. మూడో రోజు దిగి, నోటుపుస్తకం తెరిచాడు.

"మీరన్నది నిజమే అత్తయ్యా. మనం రిపేరు మీదే పెడదాం. ఆ నర్సు సూట్‌కేసుకి మీరు చేసిన పనిని మీ వృత్తిలో ఏమంటారు?"

"రన్నర్ మార్చడం అంటాం."

"పుస్తకాల్లో స్లైడర్ అంటారట. చూశాను." సాయంత్రానికి పేజీ మారిపోయింది. 'ప్రొఫెషనల్ జిప్పర్ స్లైడర్ రీప్లేస్‌మెంట్ అండ్ లగేజ్ రిస్టోరేషన్.'

జిప్పక్క దాన్ని రెండుసార్లు చదివింది. "ఇరవై రెండేళ్ళలో ఈ మాట ఈ గుమ్మంలో ఒక్కరూ అనలేదు బాబూ."

"అనకపోవచ్చు. కానీ చదివితే నిపుణులని తెలియాలి కదా."

"జబ్బుచేసినవాడు ఒళ్ళు కాలిపోతోందంటాడు కానీ జబ్బుకి డాక్టరు పెట్టే పేరు చెప్పుకుంటూ వస్తాడా? నొప్పి ఉన్నవాడి మాట వేరు, మందిచ్చేవాడి మాట వేరు."

"కోర్సులో ఇలాగే చెప్పారత్తయ్యా."

"కోర్సు చెప్పినవాడి సూట్‌కేసు ఎప్పుడైనా పాడైందా?"

"ఏమోయ్," అని భర్త లోపలి నుంచి దగ్గాడు. అల్లుడితో మాట పెరిగినప్పుడల్లా ఆయనకి దగ్గొస్తుంది.

ఆ తర్వాత పన్నెండు రోజులు ఫోన్ అసలు మోగలేదు. బియ్యం సంచులవాళ్ళు కూడా మానేశారు. జిప్పక్క ఒకసారి ఫోన్ చెడిపోయిందేమోనని కూతురి చేత చేయించుకుని చూసింది. మోగింది. మూడు నెలల్లో సగం గడిచిపోయింది. ఒక ఉదయం ఆమె ముందుగది ఊడుస్తుంటే నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలు కనబడ్డాయి. కిటికీ కింద ఒక దీర్ఘచతురస్రం, దాని వెనక ఒక చిన్నది. బల్ల, కుర్చీ. అల్లుడు కొలతలు తీసుకున్నాడు.

ఆమె తడిగుడ్డ తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గీతలు తుడిచేసింది. పూర్తిగా పోయేదాకా తుడిచింది. తర్వాత లేచి, గోడ మీది తీగలన్నీ ఒక్కొక్కటే దింపింది.

ఆదివారం మధ్యాహ్నం. అల్లుడు స్నేహితుణ్ణి చూడ్డానికి వెళ్ళాడు. భోజనాల బల్ల మీద ఇరవై రెండేళ్ళ చీటీలు గుట్టగా పోసి ఉన్నాయి. కొన్ని పసుపు పచ్చగా మారాయి. కొన్నింటి మీద తుప్పు మరక పూలలా పూసింది.

"ఇదంతా ఎక్కడ దాచావే తల్లీ!" అన్నాడు భర్త.

"మీ నెత్తి మీదే. ఇరవై రెండేళ్ళుగా వాటి కిందే కూర్చుని పేపరు చదువుతున్నారు. ఇటు కూర్చోండి. మీరు చదవండి, నేను విడదీస్తాను. నువ్వు లెక్క రాయవే," అని కూతురికి పెన్ను ఇచ్చింది.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. ఆఫీసులో ఫైళ్ళు చదివిన గొంతుతో, పొల్లుపోకుండా.

"'చక్రం ఒకటి ఏడుస్తోంది.' 'లాగే పిడి పైకి వచ్చింది, లోపలికి పోదు.' 'నడుస్తుంది, మూసుకోదు.' 'మా ఆయన దీని మీద కూర్చున్నాడు.'" ఆగాడు. "ఇది కూడా రాశావా?"

"ఆవిడ అదే చెప్పింది."

"'నంబరు మర్చిపోయాను, తెరుచుకోదు.' 'నడుస్తుంది, మూసుకోదు, రేపే ప్రయాణం.' 'కొత్తది కొనమంటున్నారు, నాకు ఇదే కావాలి.' 'పిల్లాడు నమిలేశాడు.' 'నడుస్తుంది, మూసుకోదు.'"

"నాన్నా, కొంచెం మెల్లిగా," అంది కూతురు.

సాయంత్రం నాలుగయ్యేసరికి బల్ల మీద గుట్టలు లేచాయి. 'నడుస్తుంది, మూసుకోదు' గుట్ట మిగతా వాటికి రెండింతలు. పిడి లోపలికి పోనివి ఒక గుట్ట. ఏడ్చే చక్రాలు, ఊగే చక్రాలు, ఊడిన చక్రాలు కలిపి ఒక గుట్ట. తాళం నంబరు మర్చిపోయినవాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువమంది. 'రేపే ప్రయాణం' అన్నది మాత్రం వేరే గుట్ట కాలేదు, ప్రతి గుట్టలోనూ ఉంది. ప్రతి మూడు చీటీల్లో ఒకదాని మీద ఉంది.

జిప్పక్క ఆ గుట్టల వైపు చాలాసేపు చూసింది. ఒక్క చీటీ మీద కూడా 'స్లైడర్' లేదు. ఒక్క చీటీ మీద కూడా 'మంచి బ్యాగులు' లేదు.

"ఆ వెబ్‌సైటు తాళం నీకు తెలుసా?" అని కూతుర్ని అడిగింది.

"పాస్‌వర్డా? నా పుట్టినరోజే పెట్టుకున్నాడు." కూతురు సిగ్గుపడింది, వెంటనే భయపడింది. "అమ్మా, తనకి చెప్పి చేద్దాం."

"చెప్తాను. చేసి చెప్తాను."

"బాధపడతాడమ్మా."

"నేల మీద సుద్దగీతలు చూసి నేను బాధపడలేదా? నేను చచ్చానా? అతనూ బతుకుతాడు. తెరువు."

తళతళలాడే ఫోటో తీసేశారు. కూతురు తన ఫోన్‌తో ముందుగది ఫోటో తీసింది. మిషను, దబ్బనం, రన్నర్లు పోసిన డబ్బాలు, నేల మీద ఒక సూట్‌కేసు. పేజీకి పైన పెద్దక్షరాల్లో పెట్టింది: 'జిప్పు నడుస్తుంది, మూసుకోదా? పళ్ళు బాగుంటే పారేయకండి. అరగంట పని.' దాని కింద పిడికి ఒక పేజీ, చక్రానికి ఒక పేజీ, నంబరు మర్చిపోయినవాళ్ళకి ఒక పేజీ. ప్రతిదాంట్లో ఏం పాడై ఉండవచ్చో, ఏది ఇంట్లోనే చేసుకోవచ్చో, ఏది చేతకాదో జిప్పక్క చెప్తుంటే కూతురు కొట్టింది. ప్రతి పేజీ చివరా ఒకటే మాట: 'రేపే ప్రయాణమైతే ముందు ఫోన్ చేయండి.' ఇల్లున్న వీధి పేరు, పాత బస్‌స్టాపు గుర్తు కూడా పెట్టారు. అల్లుడు అంతకుముందు అవి పెట్టలేదు. ప్రపంచమంతా చూడాలని.

అల్లుడు ఆ రాత్రే చూశాడు. మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, ముందుగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇలా ఎవరు వెతుకుతారత్తయ్యా? నేను చూశాను. నెలకి ఇరవైమంది. కొన్నింటికి అసలు సున్నా చూపిస్తోంది! లక్షా పదివేలని వదిలేసి ఇరవై కోసమా?"

జిప్పక్క లేచి నిలబడి రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళ చివర సూది గుచ్చిన మచ్చలు, బొటనవేలి మీద మైనం.

"నాకున్నవి ఇవి రెండు. లక్షమందిని ఏం చేసుకోను? ఊరేగించనా? ఆ ఇరవైమందికీ సూట్‌కేసు పాడైంది. మీ లక్షమందికీ ఏమీ పాడవలేదు."

"గ్రాఫు పడిపోతుంది."

"పడనివ్వండి. అది నా తలమీద పడదు."

"మాట మూడు నెలలు. ఇంకా నలభై రోజులే ఉంది," అన్నాడతను, గొంతు తగ్గించి. అతను చెడ్డవాడు కాదు. బోర్డు అప్పటికే రాయించుకున్నాడు, అంతే.

"నాకు లెక్కలొచ్చు," అంది జిప్పక్క.

రెండు వారాలు ఏమీ జరగలేదు. మూడో వారం ఒకతను వచ్చాడు, లాగే పిడి లోపలికి పోని పెట్టెతో. "మీ పేజీలో సబ్బు రాసి చూడమన్నారు, చూశాను, కాలేదు. మిగతాది మీరే చెయ్యాలని ఉంది కదా," అన్నాడు. తర్వాత రోజుకి ఒక ఫోన్, రోజు విడిచి రోజు రెండు. గీత కిందికి జారుతూనే ఉంది. మోగిన ఫోన్లలో మాత్రం డిస్కౌంట్ అడిగినవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు తమ పక్కింటివాళ్ళ పెట్టెలు కూడా మోసుకొచ్చారు. ఒక పాటకచేరీవాళ్ళు వాయిద్యాల సంచులు తొమ్మిది తెచ్చి పెట్టి, "ఎప్పుడైనా ఇవ్వండి, కానీ శనివారం ఇవ్వండి," అన్నారు.

మూడు నెలలు నిండింది సోమవారం. పదకొండింటికి వీధిలో బండి ఆగింది. ఇద్దరు మనుషులు ఒక పొడుగాటి కొత్త బల్లని అడ్డంగా పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయారు. అడుగు వెయ్యడానికి దారి లేదు. నేల నిండా సూట్‌కేసులు, వాటి మీద వాయిద్యాల సంచులు.

వెనకాలే అల్లుడు, చంకలో లాప్‌టాప్. మావగారు పేపరు మడిచి లేచాడు.

"అత్తయ్యా, నేను మనసులో ఏం పెట్టుకోకుండా లెక్క చెప్తాను," అని అల్లుడు తెర తెరిచాడు. "మొదటి నెల తొమ్మిది వేల రెండొందలు. ఈ నెల నూట నలభై. ఎవరికి చూపించినా పడిపోయిందనే అంటారు. మాట ప్రకారం..."

"మాట ఏమిటి?" అంది జిప్పక్క. "పని తెస్తే సరేసరి అన్నారు మీ మావగారు. జనాన్ని తెస్తే అన్నారా? ఏవండీ, ఏమన్నారు మీరు?"

"నేను పనే అన్నాను," అన్నాడాయన, పైకప్పు వైపు చూస్తూ. తర్వాత చూపు దించి, నేల మీది పెట్టెల్ని ఒకసారి చూసి, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. "పనే అన్నాను."

"కానీ మావయ్యగారూ, ఒప్పందం—"

"ఈ గది ఇవ్వను," అంది జిప్పక్క.

ఆ మాట చిన్నగానే అంది కానీ, బల్ల మోస్తున్నవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"పని వచ్చినా ఇవ్వను. రాకపోయినా ఇచ్చేదాన్ని కాదు. మూడు నెలల కిందట నోరు మూసుకుని సరేనన్నాను చూడండి, అదే నా తప్పు. నడవా కొలిచిన రోజే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తున్నాను. ఇవ్వను."

"ఏమోయ్, అల్లుడుగారితో..." భర్తకి దగ్గు రాబోయింది.

"మీరు దగ్గకండి."

దగ్గు ఆగింది.

"అమ్మా, ఎక్కడ దించమంటారు? చేతులు లాగేస్తున్నాయి," అన్నాడు బల్ల మోస్తున్న ఒకతను.

జిప్పక్క బల్లని ఎగాదిగా చూసింది. మంచి చెక్క, గట్టి కాళ్ళు, నడుమెత్తు. ఇరవై రెండేళ్ళు నేల మీద వంగి పెట్టెలు విప్పింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, నాలుగు సూట్‌కేసులు పక్కకి జరిపింది.

"ఇదిగో, ఇక్కడ. కిటికీ కింద."

అల్లుడి మొహంలో ఒక క్షణం వెలుగొచ్చింది. బల్ల దిగింది. జిప్పక్క అన్నింటికన్నా పెద్ద సూట్‌కేసు ఎత్తి, దాని మీద పెట్టి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. నిటారుగా నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఎత్తు సరిపోయింది," అంది.

బల్ల తెచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అల్లుడు స్టూలు మీద కూర్చున్నాడు. జిప్పక్క రన్నర్ విప్పుతూ, అతని వైపు చూడకుండానే అడిగింది.

"నీ పని ఎలా ఉంది?"

పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమె అతన్ని మొదటిసారి నువ్వంది. అతను గమనించాడో లేదో.

"ఫోన్లు వస్తున్నాయి అత్తయ్యా. రోజుకి పది. అందరూ ఉద్యోగం ఉందా, కోర్సు ఎంత అని అడుగుతున్నారు. పని ఇచ్చేవాడు ఒక్కడు లేడు."

"నీ వెబ్‌సైటులో ఏ మాట పెట్టావు?"

అతను కిందకి చూశాడు. "'మార్కెటింగ్.' నెలకి రెండు లక్షలమంది..."

జిప్పక్క దబ్బనం కింద పెట్టి, చీటీ తీసి, చెవి మీది పెన్సిలు తీసుకుంది. 'ఫోన్లు వస్తున్నాయి, పని ఇచ్చేవాడు లేడు' అని అతను అన్నది అన్నట్టే రాసి, అతని లాప్‌టాప్ సంచి పిడికి దారంతో కట్టింది.

అల్లుడు ఆ చీటీని తిప్పి చూశాడు. "ఎప్పటికవుతుంది?" అన్నాడు, అందరూ అడిగినట్టే.

"నువ్వెంత తొందరగా మొదలుపెడితే అంత తొందరగా. వీధిలో కొట్టుకొట్టుకీ వెళ్ళి వాళ్ళకి ఏం నొప్పో అడుగు. వాళ్ళు చెప్పింది రాసుకో, నీ కోర్సు మాటల్లోకి మార్చకు. మేడమీద కూర్చుని చెయ్యి. ఇక్కడ చోటు లేదు."

అతను లేచాడు. మెట్ల దగ్గర ఆగి, "ఆ బల్ల..." అన్నాడు.

"బాగుంది," అంది జిప్పక్క.

ఫోన్ మోగింది. భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతోనూ సూట్‌కేసు అంచు నొక్కిపట్టింది. "ఆ, జిప్పక్కనే... నడుస్తుందా? మూసుకోదా?... రేపా? ఎన్నింటికి బండి?... తీసుకురండి."

ఫోన్ బల్ల మీద పెట్టి, చీటీల డబ్బాలోకి చెయ్యి పెట్టింది. వేళ్ళకి అడుగు తగిలింది.

"ఏవండీ," అని పిలిచింది. "చీటీలు అయిపోయాయి. కత్తెర తీసుకోండి."